‘రన్’ అనే ఇంగ్లీషు మాటకు సరైన తెలుగు క్రియను పట్టుకొనే విధానం

అనంతపురంలో పోటీ పరీక్షలకు చదువుకొనే పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నప్పుడు నేను తరచుగా చూసే పొరపాటు, ‘రన్’ అంటే పరుగెత్తడమని చిన్నప్పుడు బట్టీ పట్టి, ఆ ఒక్క అర్థాన్నే ప్రతి వాక్యానికీ తగిలించడం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకులు ఈ మాటకు క్రియగానే 645 అర్థాలు లెక్కించారని 2011లో పత్రికలు రాశాయి. వాటన్నింటినీ గుర్తుపెట్టుకోనవసరం లేదు.

మొదట వాక్యంలో కర్త ఏమిటో చూడాలి. మనిషైతే పరుగు, నీళ్లయితే పారడం, ముక్కైతే కారడం, చీర రంగైతే దిగడం. ‘ద బస్ రన్స్ ఎవ్రీ అవర్’ అంటే కర్నూలు బస్సు గంటకొకటి నడుస్తుందని అర్థమే తప్ప, వేగంగా పోతుందని కాదు. యంత్రమైతే మన ‘ఆడు’ చక్కగా సరిపోతుంది. గానుగ ఆడుతుంది, పిండిమర ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. ఈ మూడుచోట్లా ఇంగ్లీషులో ‘రన్’ వాడవచ్చు. ఆటకు సంబంధించిన మన మాట వేరుశనగ నూనె తీసే గానుగకు ఎలా కుదిరిందో ఒక్కసారి ఆలోచించిన పిల్లవానికి, పరుగుకు సంబంధించిన వారి మాట యంత్రానికి ఎలా చేరిందో వేరే వివరించనక్కరలేదు. అందుకే పాఠంలో ఈ పోలిక దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను.

కదలని వస్తువులకు కూడా ఈ క్రియ వస్తుంది. ‘ద కేసీ కెనాల్ రన్స్ ఫ్రమ్ సుంకేసుల టు కడప’ అన్నప్పుడు ఆ కర్నూలు–కడప కాలువలో నీరు ఉన్నా లేకున్నా ఆ వాక్యం నిజమే, ఎందుకంటే అక్కడ చెబుతున్నది కాలువ ఎక్కడినుంచి ఎక్కడిదాకా సాగిందన్న సంగతి.

తరువాత కర్మ ఉందేమో చూడాలి. ‘షి రన్స్ ఎ హోటల్’ అంటే ఆమె హోటలు నడుపుతోందని.

క్రియ వెనుక వచ్చే చిన్న మాటను ఎన్నడూ వదలరాదు. ‘రన్ ఇంటు’ అంటే అనుకోకుండా ఎదురుపడడం, బండి విషయంలోనైతే ఢీకొనడం. ‘రన్ ఓవర్’ అంటే బండి తొక్కడం. ‘వి ర్యాన్ అవుట్ ఆఫ్ రైస్’ అన్న వాక్యానికి, బియ్యం అయిపోయాయనడానికి మనసొప్పక మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే ‘నిండుకున్నాయి’ అన్న మాటకన్నా మంచి అనువాదం నాకు కనిపించలేదు. ఎన్నికల్లో నిలబడడాన్ని అమెరికాలో ‘రన్’ అంటారు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు, మన ఇంగ్లీషు పత్రికలు ఎక్కువగా ‘కంటెస్ట్’ అని రాస్తాయి.

రూపాల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు: భూతకాలంలో ‘ర్యాన్’, ‘హ్యావ్’ తరువాత మళ్లీ ‘రన్’.

ఇక సాధనకు, ఒక నోటుపుస్తకంలో పరుగెత్తు, పారు, నడుచు, ఆడు, సాగు అని ఐదు పుటలకు పేర్లు పెట్టి, దినపత్రికలో కనిపించిన ప్రతి ‘రన్’ వాక్యాన్నీ తగిన పుటలో రాయాలి. ఎక్కడా ఇమడని వాక్యాలకు ఆరవ పుటను కేటాయించి, వారానికొకసారి వాటిని మాత్రమే ఉపాధ్యాయునికి చూపించాలి.