పాత మజిల్ కారు మరమ్మతు – 4వ పాఠం: కార్బురేటర్ మీద చెయ్యి వెయ్యకముందు

పోయిన పాఠంలో ఎనిమిది ప్లగ్గులూ ఊడదీసి కంప్రెషన్ చూశాం. అన్నిటికన్నా తక్కువ వచ్చిన సిలిండరు, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాంట్లో 75 శాతానికి తగ్గకపోతే ఇంజను లోపల పెద్ద జబ్బేమీ లేదని అనుకున్నాం. అయినా బండి ఎర్ర లైటు దగ్గర వణుకుతోంది, పెడల్ తొక్కగానే దగ్గుతోంది, వంతెన ఎక్కేటప్పుడు పికప్ అందట్లేదు. ఈ మూడూ కనిపిస్తే ఎవరి చెయ్యైనా నేరుగా కార్బురేటర్ మీదికే పోతుంది. నాదీ పోయింది.

నాది షెవర్లే కంపెనీ 1969 షెవల్, పెద్ద ఇంజను వేసిన అమెరికన్ మజిల్ కారు. 350 క్యూబిక్ అంగుళాల వీ8, మన లెక్కలో 5.7 లీటర్లు. నెత్తిమీద రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బురేటర్. కొన్న ఏడాదే డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్లాలని ఉబలాటం. 1995లో మొదలై, ఏటా ఆగస్టు మూడో శనివారం జరిగే పాత కార్ల తిరనాళ్ల అది. దానికోసం రెండు వారాంతాలు కూర్చుని క్వాడ్రాజెట్‌ని ముక్క ముక్క విప్పి, కడిగి, కొత్త గ్యాస్కెట్లు వేసి బిగించాను. వుడ్‌వర్డ్ మీద ఆ రోజు ట్రాఫిక్ మనిషి నడక కన్నా నెమ్మది. గంటలో నాలుగుసార్లు బండి ఆగిపోయింది. రోడ్డు పక్కన మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన లేచొచ్చి, బానెట్ ఎత్తమని, అడిగింది ఒక్కటే: "పాయింట్లు చూసి ఎన్నాళ్లయింది?" నేను అసలు చూడనే లేదు.

అందుకే ఈ పాఠం మొత్తం ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ గురించే, దానిలోపలి పాయింట్ల గురించే. కార్బురేటర్ వచ్చే పాఠం దాకా ఆగాలి. నిప్పు సరిగ్గా పడనంతవరకు పెట్రోలు కొలతలు ఎంత సర్దినా అవి తప్పుడు కొలతలే.

మన దేశంలో అంబాసిడర్ నడిపినవాళ్లకు పాయింట్లు కొత్త కాదు. మెకానిక్కు ఎమరీ కాగితం పెట్టి గీకి, మళ్లీ బిగించేవాడు చూడండి, అవే. మూసుకుని ఉన్నంతసేపు కాయిల్‌లోకి కరెంటు పారుతుంది, విడిపోయిన క్షణాన ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ ఎగురుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితే 360 డిగ్రీలు, ఎనిమిది సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 45. అందులో దాదాపు 30 డిగ్రీల పాటు పాయింట్లు మూసుకుని ఉండాలి. దాన్నే డ్వెల్ అంటారు. ఇంజను 3,000 ఆర్‌పీఎంలో ఉంటే ఆ చిన్న రేకు సెకనుకు 200 సార్లు తెరుచుకుంటుంది. అరక్కుండా ఎలా ఉంటుంది?

అరిగేది ముందుగా పాయింట్ల రాపిడి దిమ్మ, అంటే షాఫ్ట్ మీది కామ్‌కి (ఎత్తుపల్లాల చక్రానికి) రాసుకుంటూ పాయింట్లను తెరిచేది. అది అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, డ్వెల్ పెరుగుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. అంటే టైమింగ్, నిప్పు పడే వేళ, దానంతటదే వెనక్కి జారుతుంది. డ్వెల్ ఒక డిగ్రీ పెరిగితే టైమింగ్ సుమారుగా ఒక డిగ్రీ పోతుంది. నా బండిలో డ్వెల్ 38 ఉంది. ఎనిమిది డిగ్రీల ఆలస్యంతో పరిగెత్తుతున్న ఇంజనుకి నేను జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచే సన్న రంధ్రాలు) కడిగి పెట్టానన్నమాట.

ఇక పని. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరవండి, పొగ ప్రాణం తీస్తుంది. గేరు పార్క్‌లో పెట్టి, చక్రాలకు అడ్డుచెక్కలు వేయండి. వదులు చొక్కా చేతులు పైకి మడవండి, ఫ్యాన్ ఎవరి మొహమాటమూ చూడదు.

ముందు ఇంజను ఆపి డిస్ట్రిబ్యూటర్ మూత, అంటే క్యాప్ తీయండి. 350లో డిస్ట్రిబ్యూటర్ ఇంజను వెనకాల, క్యాబిన్ గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఫెండర్ మీద దుప్పటి పరిచి వంగాల్సిందే. క్యాప్ లోపల పెన్సిల్ గీతలాంటి నల్ల చార కనిపిస్తే అది పగులు, కరెంటు ఆ దారిన పారిపోతోంది. క్యాప్ మార్చేయండి, తుడిస్తే పోదు. పాయింట్ల ముఖం బూడిదరంగులో ఉంటే ఆరోగ్యం. నీలంగా, నల్లగా కాలి ఉంటే పాయింట్లతో పాటు వాటి పక్కనే ఉండి అవి కాలకుండా కాపాడే కండెన్సర్ కూడా మార్చండి. కొత్త పాయింట్లకు గ్యాప్ 0.019 అంగుళం. కామ్ మీద అగ్గిపుల్ల తల అంత గ్రీజు చాలు. ఎక్కువ రాస్తే అది ఎగిరి పాయింట్ల మీదే పడుతుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. షెవర్లేకి సొంతదారైన జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ల ఈ డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి పక్కన చిన్న కిటికీ ఉంటుంది, రేకు తలుపు పైకి జరిపితే తెరుచుకుంటుంది. ఇంజను నడుస్తుండగానే అందులోంచి 1/8 అంగుళం అలెన్ కీ దూర్చి పాయింట్లు సర్దవచ్చు. డ్వెల్ మీటరు ఒక వైరు కాయిల్ నెగటివ్‌కి, రెండోది ఇంజను ఇనుముకి తగిలించి, 30 వచ్చేదాకా మెల్లగా తిప్పండి. మీటరు లేకపోతే పాత పద్ధతి ఉంది: కీని గడియారం దిశలో తిప్పుతూ పొండి, ఇంజను తడబడటం మొదలవగానే అర చుట్టు వెనక్కి రండి. 30కి దగ్గర్లోనే ఉంటారు. చెవితో పాయింట్లు సర్దడం అంటే ఇదే.

డ్వెల్ ఒకచోట నిలవకుండా, ఆర్‌పీఎం పెంచినప్పుడు మూడు డిగ్రీల కన్నా ఎక్కువ ఊగితే షాఫ్ట్ బుష్‌లు అరిగాయి. అప్పుడు పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా దండగే.

డ్వెల్ అయ్యాకే టైమింగ్. వరస తిప్పితే పని రెండుసార్లు చెయ్యాలి. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి, మూతికి ఒక స్క్రూ దూర్చి మూయండి. టైమింగ్ లైటు క్లిప్పు ఒకటో సిలిండర్ వైరుకి. డ్రైవరు వైపు అన్నిటికన్నా ముందున్న ప్లగ్గు అదే. క్రాంక్ పుల్లీ గీత మీద సుద్దముక్క రుద్దితే లైటులో బాగా కనబడుతుంది. 9/16 రెంచితో కింది బోల్టు కొంచెం వదులు చేసి డిస్ట్రిబ్యూటర్ ఒంటిని తిప్పండి. క్యాప్ లోపల కరెంటు పంచే రోటార్ గడియారం దిశలో తిరుగుతుంది, కాబట్టి ఒంటిని దానికి ఎదురు తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది. ఎన్ని డిగ్రీలు పెట్టాలన్నది మీ బండి ఏడాదీ, ఇంజనూ, గేరుబాక్సూ చూసి షాప్ మాన్యువల్ చెప్పాలి, నా బండి అంకె మీకు పనికిరాదు. ఒక్క జాగ్రత్త: గీత ఉన్న బయటి చక్రానికీ లోపలి దానికీ మధ్య రబ్బరు ఉంటుంది. యాభై ఏళ్ల రబ్బరు జారిపోతే గీత అబద్ధం చెబుతుంది. ఒకటో పిస్టను పైకొచ్చినప్పుడు గీత సున్నా దగ్గర ఉందో లేదో ఒకసారి చేత్తో తిప్పి చూసుకోండి.

ప్లగ్గు వైర్ల వరస 1-8-4-3-6-5-7-2. ఇందులో 5, 7 వెంటవెంటనే పేలతాయి, పైగా పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు వైర్లను జంటగా కట్టేస్తే ఒకదాని కరెంటు ఇంకోదాన్ని రేపి, 7 ముందే పేలుతుంది. వాటిని విడదీయండి. అనుమానంగా ఉంటే చీకట్లో ఇంజను ఆన్ చేసి చూడండి, కారుతున్న వైరు మీద నీలం మిణుగురులు కనిపిస్తాయి.

చివరిగా వ్యాక్యూమ్ గేజ్. ఇంజనులోకి గాలీ పెట్రోలూ వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి తగిలించి ఐడిల్‌లో చూడండి. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లలో ఆరోగ్యమైన ఇంజను 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య కదలకుండా నిలుస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఒక అంగుళం తగ్గించుకోండి, డెన్వర్‌లో ఉన్నవాళ్లు అయిదు తీసేయాలి. ముల్లు కదలకుండా తక్కువగా ఉంటే టైమింగ్ ఆలస్యం. లయగా టక్కు టక్కుమని పడుతుంటే వాల్వ్ కాలింది. బాగా అడుగున ఉంటే ఎక్కడో గాలి దూరుతోంది. అయితే ముందటి యజమాని రేసు కామ్ (ఇంజను వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్) వేయించి ఉంటే ముల్లు తక్కువ అంకె దగ్గర ఉండి ఊగడం దాని స్వభావం. ఇది తెలీక ఒక షాపులో నా మిత్రుడికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంతా విప్పి బిల్లు వేశారు.

గాలి లీకు వెతకడానికి చాలామంది క్లీనర్ స్ప్రే కొడతారు. వేడి ఇంజను మీద అది మంటే, నేను వద్దంటాను. రెండడుగుల రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసతో కార్బురేటర్ అడుగు, బ్రేకు బూస్టర్ గొట్టం, పీసీవీ వాల్వ్ (ఇంజను లోపలి పొగను తిరిగి ఇంజనులోకే పంపేది) చుట్టూ తిరగండి. బుస వినిపిస్తుంది. ఆటోమేటిక్ బండ్లలో గేరుబాక్సు పక్కన మాడ్యులేటర్‌కి (ఇంజను వ్యాక్యూమ్‌ని బట్టి గేరు మార్పును సర్దేదానికి) వెళ్లే సన్నగొట్టం కూడా తీసి చూడండి. దాంట్లో ఎర్ర నూనె తడి ఉంటే లోపలి పొర చిరిగింది, ఇంజను గేరు నూనె తాగుతోంది.

నా షెవల్‌లో 14 దగ్గర ఉన్న ముల్లు డ్వెల్, టైమింగ్ సరిచేశాక 18కి ఎక్కింది. కొత్త పాయింట్ల సెట్టుకి అయిన ఖర్చు, అంతకుముందు కార్బురేటర్ కిట్‌కి పెట్టినదాంట్లో సగం కూడా లేదు.

మీ నోటుబుక్కులో మూడు అంకెలు రాసి ఉంచండి: డ్వెల్, ఐడిల్ టైమింగ్, వ్యాక్యూమ్. ఇవి సరిగ్గా ఉండి కూడా పెడల్ తొక్కగానే దగ్గు మిగిలితే, 5వ పాఠానికి క్వాడ్రాజెట్ కిట్ కొనుక్కుని రండి. యాక్సిలరేటర్ పంపుతో మొదలుపెడదాం.