మెదడు నుంచి కండ దాకా – 3వ పాఠం: కప్పుకు ఎంత బలం, బస్తాకు ఎంత బలం?

గత పాఠంలో, కండను కదపమని చెప్పే సిగ్నల్ మెదడులో కదలికలను నడిపే భాగమైన మోటార్ కార్టెక్స్‌లో బయలుదేరింది. మెదడు కింది కొసన ఉండే మెడుల్లా దగ్గర దానిలో ఎక్కువ భాగం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మారింది. వెన్నుపాము దాకా తీసుకొచ్చి అక్కడ ఆపాం. ఈసారి అక్కడి నుంచి కండలోకి వెళ్దాం. ఈ ధారావాహికలో నాకు బాగా ఇష్టమైన పాఠం ఇదే. నిదానంగా చదవండి, ప్రయోగాలు మాత్రం వదిలేయకండి.

పొద్దున ఇరానీ హోటల్లో చాయ్ కప్పు ఎత్తేటప్పుడు పనిచేసేది బైసెప్స్, అంటే మోచేతికి పైన ముందువైపు ఉండే కండ. సాయంత్రం 25 కిలోల బియ్యం బస్తా లేపేటప్పుడూ అదే కండ. దేనికి ఎంత బలం పెట్టాలో మెదడు దానికి ఎలా చెబుతుంది?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది విద్యార్థులు "బస్తాకైతే పెద్ద కరెంటు పంపుతుంది సార్" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ నిజం కాదు. ఒక నాడీకణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలి వోల్టేజి బయటితో పోలిస్తే సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. అది మైనస్ 55 దరిదాపుల్లోకి వచ్చిందంటే పొరలోని సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, వోల్టేజి ప్లస్ 30 దాకా ఎగబాకుతుంది. వెంటనే పొటాషియం బయటికి పోవడంతో మళ్లీ దిగిపోతుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని. హద్దు దాటకపోతే సిగ్నలే లేదు, దాటితే పూర్తి సిగ్నల్. కప్పు ఎత్తినా బస్తా ఎత్తినా ఒక నాడీతంతువు మీద నడిచే సిగ్నల్ సైజు ఒక్కటే.

మరి బలం ఎక్కడ పెరుగుతుంది? రెండు చోట్ల.

మొదటిది, ఎన్ని న్యూరాన్లు (నాడీకణాలు) పనిలోకి దిగాయన్నది. వెన్నుపాములోని ఒక్కో మోటార్ న్యూరాన్ నుంచి వచ్చే తంతువు కండలో కొమ్మలుగా చీలి కొన్ని కండపోగులను అందుకుంటుంది. ఆ న్యూరాన్‌నీ దాని పోగులనూ కలిపి మోటార్ యూనిట్ అంటారు. కనుగుడ్డును తిప్పే కండల్లో ఒక్కో యూనిట్‌కు పది చిల్లర పోగులే ఉంటాయి, పిక్క కండలోనైతే వెయ్యి దాటుతాయి. కన్ను అంత సన్నగా ఎలా కదులుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. కప్పుకు కొన్ని యూనిట్లు చాలు, బస్తాకు చాలా కావాలి. వాటిని పిలవడంలోనూ ఒక వరస ఉంది: ముందు చిన్నవి, బరువు పెరిగే కొద్దీ పెద్దవి. 1950, 60 దశకాల్లో పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో ఎల్వుడ్ హెన్నెమన్ అనే శాస్త్రవేత్త ఈ వరసను బయటపెట్టాడు.

రెండోది, సిగ్నళ్లు ఎంత వేగంగా ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయన్నది. ఒక సిగ్నల్ వస్తే పోగు ఒకసారి బిగిసి వదులవుతుంది. అది పూర్తిగా వదులయ్యేలోపే ఇంకోటి వస్తే బిగువు మీద బిగువు చేరుతుంది. మెల్లగా పట్టుకున్నప్పుడు ఒక న్యూరాన్ సెకనుకు ఎనిమిదో పదో సిగ్నళ్లు పంపితే, గట్టిగా బిగించినప్పుడు 30 దాటవచ్చు.

నాడి చివరకూ కండకూ మధ్య సన్నని ఖాళీ ఉంది. దాన్ని దాటించేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. అది తగలగానే పోగు మీద కొత్త విద్యుత్ సిగ్నల్ పుడుతుంది, లోపల కాల్షియం విడుదలై పోగు బిగుస్తుంది. ప్రస్తుతానికి ఇంత చాలు.

ఇప్పుడు పైసా ఖర్చు లేని ప్రయోగం. అమీర్‌పేట హాస్టల్లో ఉంటే రాత్రి ట్రాఫిక్ తగ్గాక చేయండి. రెండు బొటనవేళ్లతో చెవులు మెల్లగా మూసి, మోచేతులు పైకెత్తి, పిడికిళ్లు బిగించండి. దూరంగా ఏదో గుర్రుమంటున్నట్టు వినిపిస్తుంది. ఇంకా బిగిస్తే శబ్దం పెరుగుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. అది విద్యుత్ శబ్దం కాదు, బిగుస్తున్న కండపోగుల కంపనం. 1809లో లండన్‌లో విలియం వొలాస్టన్ అనే శాస్త్రవేత్త దీని గురించే ఉపన్యసించాడు.

రెండో ప్రయోగానికి కోఠి వెళ్లాలి. గుజరాతీ గల్లీలో మజిల్ సెన్సర్ (కండ విద్యుత్ సిగ్నల్‌ను పట్టే బోర్డు) అడగండి, రా సిగ్నల్ అవుట్‌పుట్, అంటే సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు ఇచ్చేదే కావాలని చెప్పండి. ఈసీజీ మాడ్యూల్ చవకగా వస్తుందంటారు, తీసుకోకండి. అది గుండె కోసం చేసింది. మామూలుగా దొరికే బోర్డులో ఫిల్టర్ 40 హెర్ట్జ్ దగ్గరే కోసేస్తుంది. కండ సిగ్నల్ సుమారు 20 నుంచి 500 హెర్ట్జ్ దాకా ఉంటుంది. జెల్ ఎలక్ట్రోడ్లు సర్జికల్ షాపులో దొరుకుతాయి.

బైసెప్స్ మీద చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, కండ ఉబ్బు మీద పోగుల వరసలోనే రెండు ఎలక్ట్రోడ్లు 2 సెంటీమీటర్ల ఎడంగా అతికించండి. మూడోది మోచేతి ఎముక మీద. సెన్సర్‌నూ, దాని సిగ్నల్‌ను చదివి ల్యాప్‌టాప్‌కు పంపే చిన్న బోర్డు ఆర్డుయినోనూ బ్యాటరీ మీద నడపండి. ల్యాప్‌టాప్ చార్జర్ తప్పకుండా పీకేయండి. ఇది ముందుగా మీ ప్రాణం కోసం, తర్వాత ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల తగ్గడం కోసం. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల మీద ఈ ప్రయోగం చేయకూడదు.

చెయ్యి ఒళ్లో వదిలేస్తే స్క్రీన్ మీద గీత దాదాపు చదునుగా ఉంటుంది. మోచెయ్యి వంచి లీటరు నీళ్ల సీసా పట్టుకోండి, గీత గరుకుగా లేస్తుంది. 5 కిలోల బియ్యం సంచి పట్టుకుంటే మందపాటి పట్టీలా ఉబ్బుతుంది.

ఇక్కడే చాలామంది "చూశారా, సిగ్నల్ పెద్దదైంది!" అని మొదటి జవాబుకే వెళ్లిపోతారు. తొందరపడకండి. చర్మం మీది ఎలక్ట్రోడ్‌కు ఒక్క పోగు విడిగా కనిపించదు, కింద ఉన్న ఎన్నో యూనిట్ల సిగ్నళ్లు కలిసే అందుతాయి. సంచి ఎత్తినప్పుడు ఎక్కువ యూనిట్లు, ఎక్కువ సార్లు సిగ్నల్ ఇచ్చాయి. అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి గీత ఎత్తు పెరిగింది. విడివిడిగా చూస్తే ఏ నాడీతంతువూ తన సిగ్నల్ సైజు మార్చలేదు. ఈ పేరా అర్థమైతే పాఠం అర్థమైనట్టే. కాకపోతే బరువులు మార్చి మళ్లీ చేసి చూడండి.

వచ్చే వారానికి పని: సంచి దించేసి, నీళ్ల సీసాను మోచెయ్యి 90 డిగ్రీల దగ్గర ఉంచి, చెయ్యి బాగా లాగే దాకా కదలకుండా పట్టుకోండి. బరువు మారదు, గీత మాత్రం మెల్లగా ఉబ్బుతూ పోతుంది. ఎందుకో మీకు తోచిన కారణం నోట్‌బుక్‌లో రాసి ఉంచుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.