జడుపు వదలనప్పుడు: కంటి కదలికల చికిత్సకు సిద్ధమయ్యే తీరు

2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగిన నాటి వంటి భయాన్ని కళ్లారా చూసినవారు, ఆ తరువాత వాన చప్పుడు వినగానే వణికిపోతే మన వైపు ‘జడుసుకున్నాడు’ అంటారు. తాయెత్తు కట్టించినవారిని నేను తప్పుపట్టను. కానీ పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే వైద్యం అవసరం. ఆ వైద్యానికి ఉన్న మార్గాలలో ఒకటైన ఇ.ఎం.డి.ఆర్.కు, అంటే బాధపెట్టే జ్ఞాపకాన్ని తలచుకుంటూ చూపును అటూఇటూ కదిపే చికిత్సకు, 1987లో ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికా మనస్తత్వవేత్త బీజం వేయగా, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేసింది.

ముందుగా వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. చికిత్స చేసేవారు ఈ పద్ధతిలో శిక్షణ పొందారా అని మొహమాటం లేకుండా అడగండి. మూర్ఛ, కంటి జబ్బు, గర్భం, మద్యం అలవాటు, వాడుతున్న మందులు, చనిపోవాలన్న ఆలోచనలు, వీటిలో ఏదీ దాచవద్దు.

గాయాన్ని తడిమే ముందు మనసు నిలదొక్కుకోవడం నేర్పుతారు; నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన దశ ఇదే. కళ్లు మూసుకుంటే హాయినిచ్చే ఒక చోటును ఎంచుకోమంటారు. రామప్ప చెరువు కట్ట ఎందరికో ఇష్టమైనదే అయినా, వరదను చూసినవారు నీళ్లు లేని చోటును, ఇంటి ముందరి వేపచెట్టు నీడనో మరొకదానినో, తలచుకోవడం మేలు. చేయి ఎత్తితే ఆపాలన్న గుర్తును కూడా అప్పుడే ఖాయం చేసుకోవాలి.

తరువాత మిమ్మల్ని వేధించే ఒక దృశ్యాన్ని, దానితో ముడిపడిన ‘నన్ను నేను కాపాడుకోలేను’ వంటి నమ్మకాన్ని, ఒంట్లో అది బిగుసుకునే చోటును గుర్తించి, బాధకు 0 నుంచి 10 వరకు అంకె చెప్పాలి. ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకొని, తల కదపకుండా, అటూఇటూ కదిలే చికిత్సకుని వేళ్లను సుమారు అర నిమిషం చూపుతో అనుసరించి, ఆగి, తోచినది క్లుప్తంగా చెప్పాలి. జరిగినదంతా విడమరచి చెప్పనక్కరలేదు. ఇది వశీకరణ (హిప్నాటిజం) కాదు, మీరు పూర్తి స్పృహలోనే ఉంటారు. తలచుకోవడం, చూపు కదపడం ఒకేసారి చేసేటప్పుడు మనసుకున్న కొద్దిపాటి చోటు రెండింటికీ చాలక, దృశ్యం వాడి తగ్గుతుందని ఒక వివరణ. అంకె 0కో 1కో దిగేవరకు ఇలా మళ్లీ మళ్లీ చేస్తారు. ఒక్కో విడత 60 నుంచి 90 నిమిషాలు సాగుతుంది, ఒక్క విడతలోనే అంతా తీరకపోవచ్చు.

ఫోన్‌లో వీడియో చూసి ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించవద్దు. పైకి లేచిన జ్ఞాపకాన్ని మళ్లీ సద్దుమణిగించే మనిషి ఎదురుగా ఉండాలి. విడత ముగిశాక వెంటనే బండి నడపకుండా, తోడుతో ఇంటికి వెళ్లండి. కొద్ది రోజులు కలలు, పాత సంగతులు ఎక్కువగా రావచ్చు. వాటిని రెండు మాటల్లో రాసిపెట్టుకొని తదుపరి విడతలో చూపించండి. ఇంట్లోవారు మాత్రం ‘లోపల ఏం చెప్పినవ్?’ అని తరచి అడగకుండా, ఆ పూట పక్కన కూర్చుంటే చాలు.