బెంగళూరులో ఎంటీబీ (మౌంటెన్ బైక్) రైడ్: చివర తొక్కేవాణ్ని బట్టే ప్లాన్

రైడ్ ఎంత దూరమో తేల్చాల్సింది గుంపులో అందరికంటే నెమ్మదిగా తొక్కేవాణ్ని చూసి. రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లు కొట్టేవాడు మట్టిదారికీ అదే లెక్క వేసి 35 కిలోమీటర్ల రూట్ పెట్టేస్తాడు. కొత్తవాళ్లుంటే ట్రైల్లో ఆగుళ్లతో కలిపి గంటకు 8 నుంచి 10 కిలోమీటర్లే సాగుతుంది. పదిన్నరకల్లా ఎండ నెత్తికెక్కి, నీళ్లైపోయి, ఇద్దరు సైకిళ్లు తోసుకుంటూ నడుస్తుంటారు. వాళ్లు మళ్లీ రారు. మొదటి రైడ్‌కి 12 నుంచి 15 కిలోమీటర్లు, ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. పదిమంది దాటితే రెండు జట్లుగా విడగొట్టండి.

రూట్‌ని పోయి వచ్చే దారిలా గీయకండి. కారు పెట్టిన చోటు చుట్టూ తిరిగొచ్చే 5 కిలోమీటర్ల చుట్టు ఒకటి చూసుకుని దాన్నే మూడుసార్లు తొక్కండి. అలిసినవాడు ఒక చుట్టుతో ఆపేసి చెట్టు కింద కూర్చుంటాడు, ఓపికున్నవాడు మూడోది కూడా కొడతాడు. ఎవరి మీదా ఎవరికీ విసుగు రాదు.

ఇక ఎక్కడ? మారతహళ్లి, హూడి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్లకి ట్రైల్ దాకా తొక్కుకుంటూ పోదామన్న సరదా పుడుతుంది. వద్దు. లావు టైర్లతో తారు మీద 25 కిలోమీటర్లు తొక్కాక కొత్తవాడి కాళ్లలో మిగిలేదేం ఉండదు. కార్లకి ర్యాకులు బిగించండి, లేదా అందరూ కలిసి ఒక టాటా ఏస్ మాట్లాడుకోండి. సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య పాత దుప్పటి వేయాలి, పెడల్ పక్క సైకిల్ చువ్వల్లోకి దూరకుండా చూడాలి. హైడ్రాలిక్ బ్రేకులున్న సైకిల్‌కి చక్రం తీస్తే ప్యాడ్ల మధ్య అట్టముక్క మడిచి పెట్టండి. అట్ట లేనప్పుడు ఎవరైనా పొరపాటున బ్రేకు లీవర్ నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చేస్తాయి, ఆపైన డిస్క్ వాటి మధ్యకి దూరదు.

దేవనహళ్లి, చిక్కబళ్లాపుర వైపు బండిబాటలు, నీలగిరి తోపులు, చెరువు గట్లు మొదటి రైడ్‌కి బాగుంటాయి. ఆ పల్లెల్లో తెలుగు చాలామందికి వస్తుంది, దారి అడగడం తేలిక. తోట గట్టు మీద పోవాల్సొస్తే యజమానిని అడిగే పోండి. కన్నడంలో "అణ్ణా, ఈ దారీలి హోగ్బహుదా?" అంటే చాలు. రాగి చేలో టైరు పెట్టారంటే వచ్చే వారం మీకే కాదు, ఇంకెవరికీ దారి ఉండదు. తురహళ్లి, అవలహళ్లి పేర్లు అందరూ చెప్తారు గానీ అవి అటవీ శాఖవి. సైకిళ్లని రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. బన్నేరుఘట్ట, కనకపుర అడవుల వైపు ఏనుగులు తిరుగుతాయి, ఆ ఆలోచనే వద్దు. ఊరి అంచుల్లో చిరుతలూ కనబడుతుంటాయి కాబట్టి చీకట్లో ట్రైల్లోకి దిగొద్దు. ఇక్కడ జనవరిలో సూర్యోదయం 6:45 దాకా అవదు, జూన్ మొదట్లో ఆరులోపే అవుతుంది. అందరూ కలిసే టైము దాన్ని బట్టి మార్చుకోండి.

గురువారం రాత్రి వాట్సాప్‌లో పోల్ పెట్టి, శుక్రవారం తొమ్మిదికి మూసేయండి. మెసేజ్ ఇలా ఉంటే తర్వాత ఇరవై ప్రశ్నలు రావు:

"శనివారం రైడ్. 5:45కి పిన్ పెట్టిన బంక్ దగ్గర. 6:00కి కదులుతాం, ఎవరి కోసమూ ఆగం. లేటైనవాళ్లు రెండో పిన్ దగ్గర కలవండి. 5 కి.మీ. చుట్టు, మూడుసార్లు, ఒకటే పెద్ద మిట్ట. హెల్మెట్ లేకపోతే తొక్కనివ్వం. మీ టైరు సైజు ట్యూబు ఒకటి, నీళ్లు 2 లీటర్లు. 8:15కి ఎక్కడున్నా వెనక్కి. రాత్రి వాన పడితే పొద్దున 4:45కి క్యాన్సిల్ మెసేజ్."

వాన విషయంలో మొహమాటం పనికిరాదు. ఏప్రిల్, మేలలో సాయంత్రం ఉరుముల వాన కొట్టిందంటే మర్నాటికి ఎర్రమట్టి బంకలా ఉంటుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే గేరు వెనక్కి లాగి హ్యాంగర్ (వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది. ఒక రోజు ఆరనివ్వండి.

బయల్దేరే ముందు ఒక్కో సైకిల్‌కి రెండు నిమిషాలు. గాలి, బ్రేకు, చైను చూడాలి. చక్రాన్ని పట్టి ఉంచే క్విక్ రిలీజ్ లీవర్ మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడేంత బిగువుండాలి. అద్దె సైకిళ్లని మరీ జాగ్రత్తగా చూడండి.

రైడ్లని పాడుచేసేది ఎక్కువగా పంక్చరే. సర్కారు తుమ్మ ముల్లు టైరుని అవలీలగా దాటుతుంది. ట్యూబు తీసి చూడండి. ఒకటే చిల్లు ఉంటే ముల్లు. పాము కాటులా రెండు చిల్లులు పక్కపక్కనే ఉంటే గాలి తక్కువై, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగిందని. 70 కిలోల మనిషికి, 2.1 అంగుళాల టైరులో ట్యూబు ఉంటే 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. ముల్లు అయితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలి వైపు గుడ్డతో చుట్టూ తుడవాలి, గుడ్డ ఎక్కడ తట్టుకుంటే ముల్లు అక్కడుంది. బొటనవేలితో వెతికితే వేలే చిరుగుతుంది. ముల్లు తీయకుండా ట్యూబు మార్చి, వంద మీటర్లకే మళ్లీ కూర్చునేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. టైరు పక్కగోడ కోసుకుపోతే నందిని పాల కవరు నాలుగు మడతలు పెట్టి లోపల వేసి, ట్యూబుకి గాలి కాస్త తక్కువ కొట్టండి. ఇంటిదాకా వస్తుంది. సన్న వాల్వ్ ట్యూబులున్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ జేబులో పెట్టుకోవాలి, లేకపోతే రోడ్డు పక్క పంక్చర్ షాపు గొట్టం దానికి పట్టదు.

గుంపు మొత్తానికి కలిపి ఒక సంచి చాలు: పంపు, టైరు లీవర్లు మూడు, ప్యాచ్ కిట్, చైన్ బ్రేకర్ ఉన్న మల్టీటూల్, జిప్ టైలు, తెగిన చైనుని కలిపే క్విక్ లింకులు. ఎనిమిది స్పీడ్ (వెనక ఎనిమిది గేర్లు) లింకు పది స్పీడ్ చైనుకి పట్టదు కాబట్టి ఎవరెవరి చైను ఏంటో ముందే అడగండి. బ్యాండేజీ, గాజుగుడ్డ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా అందులోనే. ఈ సంచి స్వీపర్ దగ్గర, అంటే గుంపుకి కాపలాగా అందరికంటే వెనక వచ్చేవాడి దగ్గరుండాలి. ముందుండేవాడి దగ్గరుంటే పంక్చరైనవాడు వెనక ఎదురుచూస్తూ కూర్చోవాలి.

ముందు దారి తెలిసినవాడు, చివర రిపేరు తెలిసినవాడు. నియమం ఒక్కటే: దారి చీలిన ప్రతిచోటా, వెనకాలవాడు కనబడి చెయ్యి ఊపేదాకా కదలకూడదు. దిగుడులో సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య కనీసం నాలుగు సైకిళ్ల ఎడం, బండల మీద ఒక్కొక్కరుగా. సీటు రెండు మూడు సెంటీమీటర్లు దించితే కొత్తవాళ్లకి భయం సగం పోతుంది. నీలగిరి తోపుల్లో రాలిన గుండ్రటి కాయలు బేరింగ్ గుండ్లలా జారతాయి, వాటి మీద ముందు బ్రేకు నొక్కొద్దు, మలుపు తిప్పొద్దు.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకుండా దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నడవండి. కరిస్తే 15 నిమిషాలు ధారగా పడే నీళ్లు, సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి. అంబులెన్స్‌కి 108. వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటల పాటు ఉండేలా పెట్టి ఇంట్లో ఒకరికి పంపండి, మ్యాప్ ఆఫ్‌లైన్లో దించుకోండి.

టిఫిన్ దగ్గరే ఏస్ అద్దె, పెట్రోలు ఖర్చులు తలా ఇంత అని తేల్చేయండి, సోమవారం దాకా సాగదీస్తే వసూలవదు. ఇంటికెళ్లాక బైక్ వాష్ గన్‌తో కొట్టొద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. బకెట్, బ్రష్ చాలు. చైను ఆరాక ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క ఆయిల్, పది నిమిషాలాగి పైపైన ఉన్నదంతా తుడిచేయాలి. తుడవకపోతే వచ్చే వారం మట్టంతా దానికే అంటుకుంటుంది.