టెక్నిక్ కారులో గేర్లు పట్టేస్తే: అంతా విప్పే ముందు బుష్‌లు చూడండి

2018 నాటి బుగాటి షిరాన్ (సెట్ నంబరు 42083), 2020 నాటి లంబోర్గిని సియాన్ (42115), 2022 నాటి ఫెరారీ డేటోనా ఎస్‌పీ3 (42143). లెగో టెక్నిక్‌లోని ఈ పెద్ద కార్లలో దేన్ని తీసుకున్నా 3,500 ముక్కలకు పైమాటే. మూడింట్లోనూ 8 స్పీడ్ల గేర్‌బాక్స్ ఉంది. గేర్‌బాక్స్‌ను ముందుగా కట్టేసి, ఆ తర్వాత బాడీ, సీట్లు ఎక్కిస్తాం. అందుకే లోపల జరిగిన చిన్న పొరపాటు బయటపడేసరికి దానిమీద వేల ముక్కలు పేరుకుని ఉంటాయి. అప్పుడు చాలామంది కారు మొత్తం విప్పేస్తున్నారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. లక్షణాన్ని బట్టి వెతికితే నాలుగైదు బీములు (వరసగా రంధ్రాలున్న పొడవాటి ముక్కలు) తీయడంతో పని అయిపోతుంది.

అసలు ఇంతదాకా రానివ్వని పరీక్ష ఒకటుంది. ప్రతి ముక్కల సంచి పూర్తవగానే, బయటికి కనిపిస్తున్న యాక్సిల్ (గేర్లు, చక్రాలు ఎక్కించే కడ్డీ) కొసను రెండు వేళ్లతో పట్టుకుని పది చుట్లు తిప్పండి. కట్టే విధానం చూపే పుస్తకం చెప్పినా చెప్పకపోయినా తిప్పండి. దీనికి అర నిమిషం కూడా పట్టదు. చేయమని ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది కూడా దీన్నే. "పేజీలో ఉన్నట్టే కట్టాను" అనే మాట ఇక్కడ చాలదు. పేజీలోని బొమ్మలో ముక్క ఎక్కడుండాలో కనిపిస్తుంది, ఎంత గట్టిగా నొక్కారో కనిపించదు.

ముందు, లోపం ఏ భాగంలో ఉందో తేల్చుకోండి

న్యూట్రల్ దొరికే మోడల్ అయితే న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రం తిప్పండి. అప్పుడు కూడా బిగువుగా ఉంటే లోపం చక్రానికీ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉంది, అంటే రెండు వెనక చక్రాలకూ తిప్పుడును పంచే డిఫరెన్షియల్ వైపు. న్యూట్రల్‌లో హాయిగా తిరిగి, ఒక్క గేరులో మాత్రమే పట్టేస్తే ఆ గేరు జతలో ఉంది. అన్ని గేర్లలోనూ ఒకేలా బిగువుగా ఉంటే గేర్‌బాక్స్ దాటి, ఇంజిన్ వైపు వెళ్లండి.

1వ గేరులో కాస్త బరువుగా తిరగడం మాత్రం సహజమే, దాన్ని లోపమనుకోకండి. ఈ కార్లలో చక్రమే ఇంజిన్‌ను తిప్పుతుంది. 1వ గేరులో చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంజిన్ మిగతా గేర్లకన్నా ఎక్కువ చుట్లు తిరగాలి, పిస్టన్ల రాపిడి కూడా అంతే ఎక్కువగా చేతికి తెలుస్తుంది. బిగువు ఉందో లేదో చూడాలంటే పై గేరులో చూడండి.

లక్షణం: కట్టేటప్పుడు హాయిగా తిరిగింది, ఫ్రేమ్ మూసేశాక బిగుసుకుంది

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. గేరు తప్పు కాదు, బీములను కలిపే పిన్ తప్పు కాదు, పుస్తకంతో పోల్చి చూస్తే ప్రతి ముక్కా ఉండాల్సిన చోటే ఉంటుంది. అయినా తిరగదు. దీనికి కారణం యాక్సిల్‌కు అటూ ఇటూ జరగడానికి వెంట్రుకవాసి ఖాళీ కూడా మిగలకపోవడం.

బీములో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం 8 మి.మీ. బీము మందం అంతకంటే ఒక పిసరు తక్కువ ఉంటుంది, పక్కపక్కన పెట్టిన ముక్కలు ఒరుసుకోకుండా ఉండటానికే ఆ తేడా. యాక్సిల్ హాయిగా తిరిగేది ఈ ఖాళీ వల్లే. కానీ బుష్ (యాక్సిల్‌కు తొడిగే పొట్టి గొట్టంలాంటి ముక్క) యాక్సిల్ మీద పట్టుతో నిలబడుతుంది, ఎక్కడిదాకా నొక్కితే అక్కడే ఆగిపోతుంది. దాన్ని బీముకు ఆనేదాకా నొక్కేస్తే ఆ ఖాళీ పోయినట్టే. ఇక యాక్సిల్ తిరిగినప్పుడల్లా బుష్ ముఖం బీమును రాస్తూ ఉంటుంది.

మరి ముందు హాయిగా తిరిగిందెందుకు? బుష్ పెట్టినప్పుడు ఖాళీ ఉంది. ఆ తర్వాతి మెట్లలో అది పోయింది. పోవడానికి మామూలుగా మూడు దారులుంటాయి.

మొదటిది, చక్రం ఎక్కించడం. చక్రాన్ని యాక్సిల్ మీదికి గట్టిగా అదిమినప్పుడు యాక్సిల్ కూడా లోపలికి జరుగుతుంది, లోపలున్న బుష్‌నో గేరునో తీసుకెళ్లి ఫ్రేముకు అదుముతుంది. చక్రాలు ఎక్కించాకే కారు బిగుసుకుందంటే ఇంకెక్కడా వెతకక్కర్లేదు. చక్రాన్ని ఒక పిసరు వెనక్కి లాగి మళ్లీ తిప్పండి.

రెండోది, ఫ్రేము రెండో వైపు మూసేటప్పుడు బొటనవేలు బీము మీద కాకుండా యాక్సిల్ కొస మీద పడటం. పది పిన్నుల మీద ఒకేసారి బీమును అదమాలంటే బలం కావాలి కదా, ఆ బలమంతా యాక్సిల్‌ను నెట్టేస్తుంది.

మూడోదాన్ని కనిపెట్టడమే కష్టం. ఏదో ఒక పిన్ పూర్తిగా కూర్చోదు. పిన్ నడుమ ఉన్న పట్టీ రంధ్రం అంచులోని గుంటలోకి పూర్తిగా దిగాలి. అది దిగకపోతే రెండు బీముల మధ్య సన్నటి సందు మిగిలిపోతుంది, ఫ్రేము ఆ మేరకు వెడల్పవుతుంది. బయటివైపు బుష్‌లున్న యాక్సిల్ వెంటనే బిగుసుకుంటుంది. ఫ్రేమును దీపానికి ఎదురుగా పట్టుకుని బీముల మధ్య చూడండి. వెలుతురు గీతలా కనిపించిన చోట రెండు వైపుల నుంచీ వేళ్లతో నొక్కితే టక్కున కూర్చుంటుంది. చాలాసార్లు బిగువు ఆ టక్కుతోనే పోతుంది.

ఏ యాక్సిల్ పట్టేసిందో కనిపెట్టడానికి, అందే ప్రతి యాక్సిల్ కొసనూ పట్టుకుని లోపలికీ బయటికీ కదిపి చూడండి. కాస్త ఆడాలి. అసలు ఆడకపోతే దొంగ దొరికినట్టే. ఒక మి.మీ. కంటే ఎక్కువ ఆడుతుంటే అది ఇంకో సమస్య, దాని సంగతి కింద ఉంది.

వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకా ముఖ్యం. అన్నిటికన్నా వేగంగా తిరిగే యాక్సిల్ దగ్గర మొదలుపెట్టండి. 24 పళ్ల గేరు 8 పళ్ల గేరును తిప్పితే రెండో యాక్సిల్ మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది, దాని మీదున్న రాపిడి మొదటి యాక్సిల్ దగ్గర మూడు రెట్లు బరువుగా తెలుస్తుంది. అలాంటి జతలు రెండు వరసగా ఉంటే తొమ్మిది రెట్లు. చక్రం దగ్గర బిగువుగా ఉంది కదా అని చక్రం చుట్టూ వెతికేవాళ్లకు గంటలు గడిచినా ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే. చేత్తో తోసే కారులో వేగంగా తిరిగేది ఇంజిన్ వైపు. మోటార్ ఉన్న మోడల్‌లో అయితే మోటార్ పక్కనున్న తొలి యాక్సిల్.

బిగుసుకున్న యాక్సిల్‌ను విప్పకుండానే వదులు చేయొచ్చు. నారింజ రంగు బ్రిక్ సెపరేటర్ కొసన యాక్సిల్ ఆకారంలో ఒక పొడుచుకొచ్చిన ముక్క ఉంటుంది, దాన్ని వాడండి. ఫ్రేముకు రెండు వైపులా బయట బుష్‌లు ఉన్నాయనుకుందాం. కుడి కొసను సెపరేటర్‌తో మెల్లగా ఎడమవైపు నెట్టండి. కుడి బుష్‌ను ఫ్రేము ఆపేస్తుంది, యాక్సిల్ మాత్రం దాని గుండా జారుతుంది. ఎడమ బుష్ యాక్సిల్‌తో పాటు ఫ్రేము నుంచి దూరం జరుగుతుంది. కావాల్సిన ఖాళీ వచ్చేసింది. ఒక్క నెట్టు చాలు, ఎక్కువ నెడితే లోపలి గేరు జరిగిపోతుంది.

కొత్తగా బుష్ పెట్టేటప్పుడు బుష్‌కూ బీముకూ మధ్య నోట్‌బుక్ కాగితం ముక్క పెట్టి నొక్కి, ఆ తర్వాత కాగితం లాగేయండి. అటూ ఇటూ పదో వంతు మి.మీ. ఖాళీ మిగులుతుంది, అంతకంటే అక్కర్లేదు. ముఖ్యంగా 4 మి.మీ. మందం ఉండే సగం బుష్‌ల దగ్గర ఇది మరిచిపోకండి.

లక్షణం: బరువు పడగానే కటకటమని చప్పుడు

పై సమస్యకు ఇది తలకిందులు. ఖాళీ ఎక్కువై గేరు పళ్లు ఒకదాని మీంచి ఒకటి జారుతున్నాయి. ఎక్కువగా జరిగేది లంబకోణంలో కలిసే బెవెల్ గేర్ల దగ్గర, అంటే 12, 20 పళ్ల గేర్ల దగ్గర. వాటి యాక్సిల్ అర మి.మీ. వెనక్కి జరిగినా పళ్లు కొసల్లోనే కలుస్తాయి. గేరు వెనక ఉండాల్సిన బుష్ ఉందా, అది గేరుకు ఆని ఉందా చూడండి. బుష్ వదులుగా పెట్టమన్నాను కదా అని గేరు వెనకా ఖాళీ వదలకండి. ఖాళీ ఉండాల్సింది ఫ్రేము దగ్గర, గేరు దగ్గర కాదు.

చప్పుడు వచ్చిన ప్రతిచోటా లోపం ఉండదు. తెల్లటి 24 పళ్ల క్లచ్ గేరు మీద 2.5, 5.0 అనే అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఆ మేరకు బలం దాటితే టకటకమంటూ జారడం దాని పని. లీనియర్ యాక్చువేటర్ (తిప్పితే పొడవు పెరిగే, తగ్గే ముక్క) కూడా కొసకు చేరాక అలాగే చప్పుడు చేస్తుంది. మధ్యలో చేస్తే మాత్రం దాని మీద పడుతున్న బరువు చూడండి.

లక్షణం: అసలు కదలదు, రాయిలా ఉంది

రెండు గేర్లు ఒకేసారి పడ్డాయి. ఒకే రెండు యాక్సిల్‌లను రెండు వేర్వేరు నిష్పత్తుల్లో కలిపితే అవి తిరగవు, తిరిగే వీలే లేదు. గేరును యాక్సిల్‌కు కలిపే డ్రైవింగ్ రింగులను అటూ ఇటూ జరిపే సెలెక్టర్ ముక్క 90 డిగ్రీలు పక్కకు తిరిగి కూర్చుంటే జరిగేది ఇదే. బలం పెట్టి తిప్పకండి, రింగు పళ్లు అరుగుతాయి. రింగులను ఒక్కొక్కటిగా వేలితో మధ్యకు తెచ్చి, ఏది తెస్తే వదిలిందో చూడండి. ఆ రింగు తాలూకు సెలెక్టర్‌ను పుస్తకంలోని బొమ్మతో పోల్చండి. బొమ్మలో దాని ముక్కు ఎటు చూస్తోందన్నది చూడాలి, రంగు కాదు.

లక్షణం: ప్రతి చుట్టులో ఒక్కచోట మాత్రమే పట్టేస్తుంది

ముందు లెక్కపెట్టండి. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడు ఒక్కసారే పట్టేస్తే లోపం చక్రం యాక్సిల్ మీదే ఉంది. మూడుసార్లు పడితే మూడు రెట్లు వేగంగా తిరిగే యాక్సిల్ మీద ఉంది. ఆ యాక్సిల్ మీద వంగిన ముక్కో, పన్ను దెబ్బతిన్న గేరో దొరుకుతుంది. అనుమానం వచ్చిన యాక్సిల్‌ను బల్లమీద దొర్లించండి, వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది.

లక్షణం: ఒక గేరు లేదా లీవరు మాత్రమే బరువుగా ఉంది

పిన్ రంగు చూడండి. నల్ల పిన్ను పట్టుతో ఉంటుంది, బూడిద రంగు పిన్ను వదులుగా తిరుగుతుంది. మూడు రంధ్రాల పొడవున్న వాటిలో నీలిది పట్టుది, లేత గోధుమ రంగుది వదులుది. సగం యాక్సిల్, సగం పిన్ను ఉండే ముక్కకూ ఇదే లెక్క: నీలిది పట్టుది, లేత గోధుమ రంగుది వదులుది. మధ్యలో ఊరికే తిరిగే గేరును నీలి ముక్క మీద ఎక్కించారంటే అది బ్రేకులా పనిచేస్తుంది. రాత్రిపూట పసుపు దీపం కింద నలుపు, ముదురు బూడిద రంగులు ఒకేలా కనిపిస్తాయి. తెల్లటి వెలుతురులో ఏరుకోండి.

లక్షణం: మోటార్ తిరుగుతోంది, చక్రం తిరగట్లేదు

యాక్సిల్ ఒక సైజు తగ్గింది. పుస్తకంలో యాక్సిల్ పక్కన వేసే అంకెను నమ్ముకోవడమే కాకుండా, అసలు కొలతలో ఉన్న బొమ్మ మీద యాక్సిల్‌ను పెట్టి చూడండి. గేరులోకి సగమే దిగిన యాక్సిల్ చేత్తో తిప్పితే తిరుగుతుంది, బరువు పడగానే బయటికొచ్చేస్తుంది.

గేరు మారిపోయిందేమోనని అనుమానమొస్తే కూడిక చేసి తేల్చుకోవచ్చు. ఎన్ని పళ్లో అన్ని మి.మీ. గేరు వ్యాసం. 8, 24 పళ్ల గేర్ల సగాలు 4, 12, కలిపితే 16 మి.మీ., సరిగ్గా రెండు రంధ్రాల దూరం. 12, 20 పళ్లకూ అంతే. 20, 20 పెడితే 20 మి.మీ., అది రెండున్నర రంధ్రాలు. మామూలు రంధ్రాల వరసలో ఆ జత కూర్చోదు.

లక్షణం: మోటార్ మూలిగి ఆగిపోతోంది

ముందు సెల్స్ మార్చండి. మోటార్లకు కరెంటు ఇచ్చే టెక్నిక్ హబ్‌లో ఆరు ఏఏ సెల్స్ పడతాయి. కొత్త ఆల్కలైన్ సెల్స్‌తో 9 వోల్టులు, 1.2 వోల్టుల రీచార్జబుల్ సెల్స్‌తో 7.2 వోల్టులే. 2019 నాటి లీబ్‌హెర్ ఆర్ 9800 (42100) లాంటి ఏడు మోటార్ల మోడల్‌లో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. సెల్స్ మార్చినా మూలుగుతుంటే మోటార్‌ను విడదీసి, మిగిలిన యాక్సిల్‌ను చేత్తో తిప్పండి. బిగువుగా ఉంటే పైన చెప్పిన బుష్‌ల దగ్గరికే వెళ్లండి.

మిగతావి

ముక్క తయారీలోనే లోపం ఉండటం చాలా అరుదు, అన్నీ చూశాకే దాన్ని అనుమానించండి. అదే అయితే కంపెనీ కస్టమర్ సర్వీసుకు ముక్క నంబరు చెప్పి అడగొచ్చు. దుమ్ము పట్టిందంటే మెత్తటి బ్రష్షు చాలు. నూనె, గ్రీజు మాత్రం ఎక్కడా వేయకండి. అవి దుమ్మును పట్టి ఉంచుతాయి, కొన్ని నూనెలు ప్లాస్టిక్‌ను పాడు కూడా చేస్తాయి. పైగా బుష్ బీమును అదుముతున్నంతకాలం ఎంత నూనె పోసినా బిగువు మళ్లీ వస్తుంది.