వరదొస్తే ముందు మేడెక్కాల్సింది టీవీ కాదు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు నీళ్లొచ్చేసినప్పుడు మాది కింద పోర్షను. గుమ్మం దాకా వచ్చాక నేనూ పక్కింటాయనా కలిసి చేసిన మొదటి పని టీవీ ఊడదీసి మేడ మీదకి మోయడం, తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీ, అది మోసేసరికి నడుం పట్టేసింది, ఈలోపు మోకాళ్ల దాకా నీళ్లు. బీరువా కింద అరలో ఉన్న సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు, ఫ్రిజ్‌లో అమ్మ ఇన్సులిన్ అన్నీ అక్కడే ఉండిపోయాయి. ఆ టీవీ ఏమో కరెంటు లేక అన్ని రోజులూ డాబా మీద ఊరికే కూర్చుంది, దాని మీద బట్టలారేశాం.

అందుకే చెప్తున్నా, ఒక సంచి సర్ది పెట్టుకోండి. పెద్ద ఖర్చేం కాదు, ఇంట్లో పాత కాలేజీ బ్యాగు ఉంటే చాలు, సూట్‌కేసు మాత్రం వద్దు, ఒక చేత్తో పిల్లాడిని, ఇంకో చేత్తో మెట్ల రెయిలింగుని పట్టుకోవాలంటే భుజాలకి తగిలించుకునేదే ఉండాలి. తుఫాను అయితే రెండు మూడు రోజుల ముందే చెప్తారు కాబట్టి సర్దుకోడానికి టైముంటుంది, వాగుకి గండి పడితే అంత టైం ఉండదు.

అన్నిటికన్నా ముందు మందులు. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి కనీసం వారానికి సరిపడా మాత్రలు, ప్రిస్క్రిప్షన్ ఫొటో కాదు కాగితం, జిరాక్సైనా సరే. ఇన్సులిన్ ముందే బ్యాగులో పెట్టలేం కదా, అందుకని బ్యాగు మీద ఒక చీటీ అంటించండి, "ఫ్రిజ్‌లో ఇన్సులిన్" అని పెద్దక్షరాలతో, కంగారులో చదువుకున్నోళ్లం కూడా మర్చిపోతాం. కరెంటు పోయాక ఇన్సులిన్‌ని నీళ్లు దూరని చిన్న డబ్బాలో పెట్టి ఆ డబ్బాని మట్టి కుండలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి నీడన ఉంచితే కొంచెం చల్లగా ఉంటుంది. ఇవి కాక ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, బెటాడిన్, దూది.

కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి దస్తావేజులు, పొలం పాస్‌బుక్, పిల్లల మార్కుల మెమోలు. లామినేషన్ చేయించాం ఏమీ కాదులే అనుకుంటారు, నేనూ అదే అనుకున్నా. నా టెన్త్ మెమోకి ఒక మూల లామినేషన్ కొంచెం లేచి ఉంది, ఆ సందులోంచి నీళ్లు లోపలికెళ్లి బయటికి రాలేక అక్కడే ఉండిపోయాయి, నాలుగు రోజులయ్యాక చూస్తే సంతకం ఉన్న చోట నీలం మరక తప్ప ఏం లేదు. జిప్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఆధార్, లైసెన్సు లాంటివి డిజీలాకర్లో పెట్టుకోవచ్చు కానీ దస్తావేజులకి ఒరిజినల్ ఒరిజినలే. తర్వాత నష్టం రాసుకోడానికి వచ్చినోళ్లు అడిగేది కూడా ఆధారూ బ్యాంకు అకౌంటూనే, మా వైపు మునిగిన కింద ఇళ్లకి 25,000, మొదటి అంతస్తు వాళ్లకి 10,000 ఇచ్చారు.

నీళ్లు. మనిషికి రోజుకి 3 లీటర్ల చొప్పున, నలుగురికి మూడు రోజులంటే 36 లీటర్లు. అంత బ్యాగులో ఎలాగూ పట్టదు, అందుకే బ్యాగులో రెండు బాటిళ్లు, వాన గట్టిగా పడుతోందని తెలియగానే 20 లీటర్ల క్యాన్లు రెండు మేడ మీదకి. చుట్టూ పీకల్లోతు నీళ్లు, తాగడానికి చుక్క ఉండదు, డాబా మీద నిలబడి తిండీ నీళ్లూ పంచే డ్రోన్ ఎటు పోతోందా అని ఆకాశంలోకి చూస్తూ కూర్చోవడం మామూలు నరకం కాదు.

తిండికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, పొయ్యి అక్కర్లేనివి పెట్టండి చాలు. అటుకులు, పుట్నాలు, బెల్లం, వేరుశెనక్కాయ ఉండలు, బిస్కెట్లు, పసిపిల్లలుంటే పాలపొడి. కారం చెక్కలు, పచ్చళ్లు వద్దు, దాహం పెరుగుతుంది.

డబ్బులు. ఫోన్‌పే ఉందిగా అంటారు, సిగ్నల్ లేకపోతే అది ఉన్నా లేనట్టే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో ఉన్న మా బావగారిదీ ఇదే కథ, సెల్ లేదు, ఏటీఎం లేదు, జేబులో ఒక పెద్ద నోటు, పాల ప్యాకెట్ అమ్మేవాడి దగ్గర చిల్లర లేదు. పది, ఇరవై, యాభై, వంద నోట్లు కలిపి ఒక మూడు వేలు కవర్లో పెట్టేయండి, పండక్కి తీసి వాడేయకండి.

ఫోనుకి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, వాన మొదలైనప్పుడే ఫుల్ చార్జింగ్. సిగ్నల్ సరిగా లేనప్పుడు కాల్ కోసం పదిసార్లు నొక్కే బదులు మెసేజ్ పెట్టండి, ఒక్కోసారి అదే పోతుంది. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి, నాకు మా ఆవిడ నంబరే నోటికి రాదు, నిజం. ఎమర్జెన్సీకి 112, జిల్లా కంట్రోల్ రూముకి 1077. టార్చిలైటులో సెల్స్ వేసి ఉంచకండి, కారిపోయి పాడవుతాయి, విడిగా పెట్టండి. ఒక విజిల్ కూడా, రాత్రిపూట పడవ వాళ్లని కేకేసి కేకేసి నా గొంతు పోయింది.

ఇక ఎవరూ చెప్పని సంగతి, బాత్రూం. డ్రైనేజీ నీళ్లు వెనక్కి తన్నాక కింద బాత్రూం పనికిరాదు, మేడ మీద ఉన్నది ఒకటే అయితే ఇరవై మంది. ఒక మూత ఉన్న బకెట్టు, పెద్ద చెత్త కవర్లు, పాత పేపర్లు, సబ్బు, ఆడవాళ్లకి ప్యాడ్లు, ఒక పాత చీర తెరలా కట్టుకోడానికి. మా అమ్మ ఆ రెండు రోజులూ బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని నీళ్లే తాగడం మానేసింది, షుగర్ మనిషి, ఎంత భయపడ్డామో మాకే తెలుసు.

బయల్దేరేముందు రెండు పనులు. నీళ్లు స్విచ్‌బోర్డు దాకా రాకముందే మెయిన్ ఆపేయండి, వచ్చేశాక మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. గ్యాస్ రెగ్యులేటర్ తీసేసి సిలిండర్‌ని కిటికీ ఊచకి తాడుతో కట్టండి, సగం ఖాళీ అయింది తేలుతుంది, మా వీధిలో ఒకటి గేటు దాటి పోతుంటే చూశా. నీళ్లలో దిగాల్సొస్తే చెప్పులు కాదు బూట్లు, చేతిలో కర్ర, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైకి కనపడదు. తుఫానులో ఇంకోటుంది, గాలి ఉన్నట్టుండి ఆగిపోతే అయిపోయిందని బయటికి రాకండి, అది కన్ను మన మీద నుంచి పోతున్నట్టు, కాసేపటికి అవతలి వైపు నుంచి అంతే గట్టిగా కొడుతుంది. నీళ్లు తీశాక మునిగిన బండి స్టార్ట్ చేయకండి, ఇంజన్‌లో నీళ్లుంటే మొత్తం పోతుంది, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికే.

సంచిని అటక మీద పెట్టకండి, స్టూలు వెతికేలోపు నీళ్లొచ్చేస్తాయి. మాది తలుపు వెనకాల మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఆషాఢంలో ఒకసారి, దసరాకి ఒకసారి దింపి మందుల డేట్లు చూసి పాతవి మారుస్తున్నాం, మొన్న దింపితే బిస్కెట్ ప్యాకెట్లు రెండూ ఖాళీ, మావాడు తినేసి కవర్లు మళ్లీ నీటుగా మడిచి లోపలే పెట్టాడు.