తెల్ల రాయిలో వొలాస్టోనైట్‌ను గుర్తుపట్టడం ఎలా?

తెల్లగా, పీచు పీచుగా మెరిసే రాయి కనబడగానే వొలాస్టోనైట్ అనేయకండి. కాల్సైట్, ట్రెమొలైట్ అనే ఖనిజాలు కూడా ఒక్కోసారి చూడ్డానికి అలాగే ఉంటాయి.

1. ముందు చోటు చూడండి. వొలాస్టోనైట్ ఒక కాల్షియం సిలికేట్ ఖనిజం. సున్నపురాతిలోకి శిలాద్రవం చొచ్చుకొచ్చినప్పుడు, ఆ వేడికి కాల్సైట్, సిలికా కలిసి ఇది పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. మామూలుగా 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వేడి కావాలి. రాజస్థాన్‌లోని సిరోహీ జిల్లా బేల్కా పహాడ్‌ దగ్గర దీని నిక్షేపం ఉంది. మన తూర్పు కనుమల కాల్క్-సిలికేట్ (కాల్షియం సిలికేట్ ఖనిజాలున్న) శిలల్లోనూ కనిపిస్తుంది. ఏటిలో కొట్టుకొచ్చిన గులకరాయైతే ఈ ఆధారం దొరకదు.

2. పక్కన ఏముందో చూడండి. గోధుమరంగు గార్నెట్, ఆకుపచ్చ డయాప్సైడ్ ఖనిజాలు ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

3. చాకుతో గీయండి. మోస్ కొలమానం (1 అతి మెత్తన, 10 అతి గట్టి) మీద దీని కాఠిన్యం 4.5 నుంచి 5. కాల్సైట్‌ది 3 కాబట్టి దాని మీద ఇట్టే గీత పడుతుంది, దీని మీద కాస్త గట్టిగా నొక్కాలి. చదునైన ముఖం మీదే గీయండి. పీచు మీద గీస్తే పోగులు ఊడొస్తాయి, అది గీత అనుకుంటాం.

4. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయండి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బుస్సుమని పొంగితే "కాల్సైటే" అని రాయి పారేస్తారు. వొలాస్టోనైట్ పొంగదు, కానీ దాని పోగుల మధ్య మిగిలిన కాల్సైట్ పొంగుతుంది. అందుకే లెన్స్ పెట్టి, బుడగలు తెల్ల పోగుల నుంచి వస్తున్నాయా, సందుల్లోంచా అన్నది చూడండి.

5. ఇక ట్రెమొలైట్ సంగతి. విరిగిన పలుకును చివరి వైపు నుంచి లెన్స్‌తో చూడండి. వొలాస్టోనైట్ చీలిక తలాలు (రాయి నున్నగా విడిపోయే ముఖాలు) 84 డిగ్రీల దగ్గర, అంటే ఇంచుమించు లంబంగా కలుస్తాయి. ట్రెమొలైట్‌లో ఆ కోణాలు 56, 124 డిగ్రీలు. సన్నటి పోగులైతే కంటికి ఇది అందదు.

పీచు రాయిని పొడి చేయకండి. ట్రెమొలైట్‌లో ఆస్బెస్టాస్ రకం కూడా ఉంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. విరగ్గొట్టక తప్పకపోతే తడిపి, మంచి మాస్క్ పెట్టుకుని కొట్టండి. అప్పటికీ తేలకపోతే ఏదైనా జియాలజీ విభాగంలో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో ఖనిజాన్ని గుర్తించే పరీక్ష) చేయించండి. చిన్న ముక్క చాలు.